కదలని పంచమం కింద

రెండు నిమిషాల పైచిలుకు సంగీతం. ఇరవై అయిదు బార్లు, అంటే మన తాళపు ఆవర్తాల లాంటివి. అచ్చులో ఒక్క పేజీ. పియానో మొదలుపెట్టి మూడు నాలుగేళ్లయిన పిల్లలు కూడా ఇందులో స్వరాలన్నీ తప్పు లేకుండా వాయించగలరు. అయినా ఫ్రెడెరిక్ షోపాన్ రాసిన ఇ మైనర్ ప్రెల్యూడ్, అంటే ఓపస్ 28లో నాలుగోది, మహా పియానిస్టులు జీవితకాలమంతా మళ్లీ మళ్లీ వాయిస్తూ వచ్చిన రచన. 1839లో అచ్చయింది. 1849 అక్టోబరు 30న పారిస్‌లోని మదలేన్ చర్చిలో షోపాన్ అంత్యక్రియలు జరిగినప్పుడు ఆర్గాన్ మీద వినిపించిన రెండు ప్రెల్యూడ్లలో ఇది ఒకటి. రాసినవాడిని సాగనంపడానికి ఆయన రాసిన పెద్ద రచనలతో పాటు ఈ చిన్న పేజీ కూడా సరిపోతుందని ఆ రోజు అక్కడివాళ్లకు తోచింది. నాకూ అలాగే తోస్తుంది. దీని పనితనం ఎక్కడుందో పట్టుకోవడానికి మన కర్ణాటక సంగీతం విన్న చెవి బాగా పనికొస్తుంది కాబట్టి, ఆ దారినే వెళ్తాను.

ఇందులో పాట అనదగ్గది దాదాపు లేదు. ఇ స్వరాన్ని షడ్జంగా పెట్టుకోండి. బి పంచమం అవుతుంది, సి శుద్ధ ధైవతం అవుతుంది. మొదట మంద్ర పంచమం నుంచి మధ్యస్థాయి పంచమానికి ఒక్క గెంతు. ఆ తర్వాత కుడిచేయి చేసేదల్లా పంచమం మీద నిలబడటం, ధైవతాన్ని తాకటం, మళ్లీ పంచమానికి రావటం. ప, ద, ప. మళ్లీ ప, ద, ప. మూడు బార్లు అంతే. నాలుగో బారులో పంచమం నుంచి అర మెట్టు జారి, అయిదో బారుకు శుద్ధ మధ్యమం చేరుతుంది. అక్కడ మళ్లీ అదే తీరు: మ, ప, మ. ఎనిమిది బార్లు గడిచేదాకా ఇంతకు మించి ఏమీ జరగదు. మన సభలో ఎవరైనా ఈ నాలుగు స్వరాలను ఇంత నిటారుగా, ఏ కదలికా లేకుండా పాడితే ఆలాపన ఇంకా మొదలే కాలేదనుకుంటాం.

కదలిక లేకపోవడానికి కారణం వాద్యంలోనే ఉంది. పియానోకు గమకం లేదు. వైణికుడు మెట్టు మీద తీగను పక్కకు లాగి ఒక స్వరంలోంచి ఇంకో స్వరాన్ని పుట్టిస్తాడు. ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు వీణ విన్నవాళ్లకు ఒక్క మీటులో ఎంత పాట పలుకుతుందో తెలుసు. పియానోలో మెట్టు నొక్కగానే సుత్తి తీగను కొట్టి వెనక్కి వచ్చేస్తుంది. ఆ క్షణం నుంచి ఆ స్వరం వాయించేవాడి చేతిలో ఉండదు. దాన్ని పెంచలేడు, ఊపలేడు, పక్క స్వరంలోకి జార్చలేడు. అది తగ్గిపోతుంటే వింటాడు, అంతే. మరి అలాంటి వాద్యానికి షోపాన్ ఏం రాశాడు? బారులో మూడు వంతుల సేపు సాగే పొడుగాటి స్వరం రాశాడు. పియానో ఏది చేయలేదో సరిగ్గా అదే అడిగాడు.

అడిగి, దానికి జవాబు ఎడమచేతిలో పెట్టాడు. స్వరం కదలదు కాబట్టి దాని కింద నేలను కదిలించాడు.

మొదటి కార్డ్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపు, చూడండి. అడుగున జి, మధ్యలో బి, పైన ఇ. మన లెక్కలో సాధారణ గాంధారం, పంచమం, షడ్జం. ఎడమచేయి ఈ మూడు స్వరాల కార్డ్‌ను బారుకు ఎనిమిదిసార్లు మెత్తగా వాయిస్తుంది. రెండో బారు నుంచి దిగటం మొదలవుతుంది. మూడు వేళ్లూ కలిసి దిగవు. ఒకటి అర మెట్టు దిగితే తక్కినవి ఆగుతాయి. కాసేపటికి ఇంకొకటి దిగుతుంది. మొదట దిగింది ఇప్పుడు ఆగుతుంది. అడుగు స్వరం జి నుంచి ఎఫ్ షార్ప్‌కు, అక్కడి నుంచి ఎఫ్‌కు, నాలుగో బారుకు ఇ దాకా వస్తుంది. పై స్వరాలు వాటి వాటి వేళల్లో వస్తాయి. ప్రతి అర మెట్టుకీ కార్డ్ మారిపోతుంది, అందులో ఒక్క స్వరమే మారినా సరే. పైన కుడిచేయి వాయించిన పంచమం మాత్రం ఉన్నచోటే ఉంది. కింద జి ఉన్నప్పుడు ఆ పంచమం ఇంట్లో ఉన్నట్టుంటుంది. కింద ఎఫ్ రాగానే అదే పంచమం కరుకుగా తగులుతుంది. స్వరం అదే, చోటూ అదే. అయినా మారిపోయింది. పక్కనున్న ధైవతాన్ని తాకి వచ్చేసరికి అది తిరిగి చేరే పంచమం పాత పంచమం కాదు.

తంబూరాతో పెరిగిన చెవికి ఇది గట్టిగా తగిలే విషయం. మనకు శ్రుతి కదలదు. షడ్జ పంచమాలు వెనక మోగుతూనే ఉంటాయి, స్వరాలు వాటి మీద తిరుగుతాయి, వాటితో రాజీపడతాయి, తగవుపడతాయి. మన సంగీతంలోని భావమంతా ఆ కదలని దానికీ ఈ కదిలేదానికీ మధ్య దూరంలో పుడుతుంది. షోపాన్ ఇక్కడ ఆ రెండింటినీ తారుమారు చేశాడు. పాట నిలబడింది, శ్రుతి దిగిపోతోంది. దూరం మాత్రం అలాగే ఉంది, భావమూ అక్కడే పుడుతోంది. ఇ మైనర్ స్వరాలు మన నటభైరవికి సరిపోతాయి; డి బదులు డి షార్ప్ వచ్చిన చోట కీరవాణి ఛాయ పడుతుంది. కానీ ఎడమచేయి దిగే దారిలో ఈ రెండు రాగాల్లోనూ లేని స్వరాలెన్నో తగులుతాయి. శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం రెండూ వస్తాయి. మామూలుగా రాగం అంత స్వేచ్ఛ ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. రాగం అడిగే క్రమశిక్షణ ఒకటి, ఇక్కడిది ఇంకొకటి: ఎంత దూరమైనా వెళ్లు, వీలైనంత వరకు అర మెట్టుకు మించి అడుగు వేయకు.

మా మొయినాబాద్ వైపు చూసినవాళ్లకు దీనికి పోలిక దొరుకుతుంది. అప్పా కూడలి నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డుకు అటూ ఇటూ వందల మర్రిచెట్లున్నాయి. పెద్ద కొమ్మ ఒకటి అడ్డంగా, ఏళ్ల తరబడి అదే ఎత్తులో ఉంటుంది. దాని నుంచి ఊడలు దిగుతాయి. ఒకటి కిందిదాకా వచ్చేస్తే ఇంకొకటి సగంలో ఉంటుంది, మూడోది అప్పుడే మొదలవుతుంది. ఏ రెండూ ఒక్క వేళకు నేలను చేరవు. ఈ ప్రెల్యూడ్‌లో ఎడమచేతి స్వరాల కథ సరిగ్గా ఇదే.

దిగే అడుగు స్వరంతో దుఃఖం చెప్పటం షోపాన్ కనిపెట్టింది కాదు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో పర్సెల్ తన ‘డైడో అండ్ ఈనియస్’ ఆపెరాలో చావబోతున్న రాణి పాట కింద అర మెట్లలో దిగే బాణీనే పెట్టాడు. బాఖ్ తన బి మైనర్ మాస్‌లో క్రీస్తును శిలువ వేసిన ఘట్టానికి అలాంటిదే వాడాడు, అదీ ఇ మైనర్‌లోనే. ఆ ఇద్దరిలోనూ దిగేది అడుగు స్వరం ఒక్కటే. అది దిగి, మళ్లీ పైకి పోయి, మళ్లీ మొదటి నుంచి దిగుతుంది. అదొక చక్రం, వినేవాడికి ముందే తెలుస్తుంది. షోపాన్ అన్ని స్వరాలనూ దించాడు, వేర్వేరు వేళల్లో దించాడు, చక్రం తిప్పలేదు. అందువల్ల ఈ అడుగు తర్వాత ఏ అడుగో వినేవాడికి తెలియదు. పాత పనిముట్టును తీసుకుని దాని పదును ఇంత మార్చటం నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది.

బాఖ్ పేరు ఊరికే రాలేదు. 1838 నవంబరులో షోపాన్, రచయిత్రి జార్జ్ సాండ్, ఆమె ఇద్దరు పిల్లలు స్పెయిన్‌కు చెందిన మజోర్కా ద్వీపానికి వెళ్లినప్పుడు ఆయన వెంట తీసుకెళ్లిన వాటిలో బాఖ్ ప్రెల్యూడ్లు, ఫ్యూగులు ఉన్నాయి. ఇరవై నాలుగు స్కేళ్లకూ ఒక్కో ప్రెల్యూడ్ రాసే దారిలో షోపాన్ కంటే ముందు నడిచినవాడు బాఖ్. ఎండ కోసం, ఆరోగ్యం కోసం వెళ్లిన చోట వానలు, చలి ఎదురయ్యాయి. షోపాన్ దగ్గు ముదిరింది. క్షయ అన్న భయంతో ఊరివాళ్లు దూరం పెట్టారు. వాల్దెమోసా కొండల్లో ఖాళీగా ఉన్న మఠంలో గదులు తీసుకుని ఉన్నారు. పారిస్ నుంచి పంపిన ప్లెయెల్ పియానో సుంకం దగ్గర చిక్కుకుని, వాళ్లు తిరుగు ప్రయాణం కట్టడానికి కొద్ది వారాల ముందు గానీ చేరలేదు. అప్పటిదాకా అక్కడే దొరికిన ఒక మామూలు పియానో మీద పని సాగింది. ప్రెల్యూడ్లలో కొన్ని అంతకుముందే రాసినవి, తక్కినవి అక్కడ పూర్తయ్యాయి. ఆ జబ్బు, ఆ వాన ఈ రచనలోకి నేరుగా దిగాయని చెప్పే కథలు చాలా ఉన్నాయి. హాన్స్ ఫాన్ బ్యూలో అనే పియానిస్టు దీనికి ఊపిరాడకపోవటం అన్న అర్థంలో పేరు కూడా పెట్టాడు. నాకు ఆ పేర్లు అక్కర్లేదు. షోపాన్ తానుగా ఏ ప్రెల్యూడ్‌కూ పేరు పెట్టలేదు. జబ్బుతో ఉన్న మనిషి ఇంత నిబ్బరంగా రాశాడన్నదే నన్ను కదిలించే సంగతి.

అదే కాలంలో తిరువయ్యారులో త్యాగరాజస్వామి ఇంకా ఉన్నారు. ఆయన 1847లో పోయారు, షోపాన్ 1849లో. ఒకరి సంగీతం ఒకరికి తెలిసే దారి లేదు. ఆ రెండు దారులనూ తర్వాత తెలుగువాళ్ల చెవిలో కలిపింది సినిమా పాట. ఇళయరాజా 1986లో త్యాగరాజుకూ బాఖ్‌కూ కలిపి అంకితమిచ్చిన ‘హౌ టు నేమ్ ఇట్’ వెలువడేనాటికే, గొంతు ఒక స్వరం మీద నిలిచి ఉంటే కింద గిటారో వయొలిన్లో కార్డ్ మార్చుకుంటూ పోవటం మన ఊళ్లలో రేడియో వినేవాళ్లందరికీ అలవాటైపోయింది. హార్మొనీ అన్న మాట తెలియకుండానే దాని రుచి తెలిసింది. అందుకే షోపాన్ పేరు ఎన్నడూ వినని వాళ్లు కూడా ఈ ప్రెల్యూడ్ వింటే మొదటి నాలుగు బార్లలోనే నిశ్శబ్దమైపోతారు. మొయినాబాద్‌లో నా దగ్గర నేర్చుకునే పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రుల్లో ఇది చాలాసార్లు చూశాను.

తొమ్మిదో బారులో పాట మొదటిసారి నోరు విప్పుతుంది. చిన్న స్వరాలు వరసగా పైకి ఎక్కి దిగుతాయి. అది ఎంతోసేపు ఉండదు. పన్నెండో బారుకు బి సెవెన్త్ కార్డ్ మీద, అంటే పంచమం ఆధారంగా ఉన్న ప్రశ్న లాంటి చోట ఆగి, పదమూడో బారులో మళ్లీ మొదటి కార్డ్, మళ్లీ అదే పంచమం. ఇక్కడ మామూలు రచయిత అయితే మొదటి సగాన్నే కాస్త అలంకరించి ఇచ్చేవాడు. షోపాన్ దిగటాన్ని తొందరపెట్టాడు. మొదటిసారి తీరిగ్గా దిగిన దారి ఇప్పుడు కుదించుకుపోతుంది. పదహారో బారు దగ్గర వేగం పెంచమని గుర్తు. పదిహేడుకల్లా ఫోర్టే, అంటే గట్టిగా. అంతసేపూ ఒకే తావులో ఉన్న కుడిచేయి పెద్ద పెద్ద దూరాలు గెంతుతుంది. రచన మొత్తంలో గొంతెత్తేది ఈ ఒక్కచోటే, అదీ రెండు బార్ల సేపు. మరుక్షణం సర్దుకుంటుంది. మళ్లీ మెత్తబడి, స్మోర్జాందో అని రాసిన చోట ఆరిపోవటం మొదలవుతుంది. రెండు బార్లకు మించి గొంతెత్తి ఉంటే ఆ ఎత్తటానికి విలువ ఉండేది కాదు. ఇరవై రెండేళ్లకే పారిస్ సంపన్నుల ఇళ్లలో పేరు మోసిన వాద్యకారుడు, వేళ్లలో ఎంత మెరుపైనా ఉన్నవాడు, ఇంత తక్కువతో సరిపెట్టుకోవటం మామూలు సంయమనం కాదు.

వాయించేవాళ్లకు దీనిలో ఉన్న కష్టం బయటికి కనిపించదు. పిల్లలు మొదట ఎడమచేతి కార్డులను ఎనిమిది దెబ్బలుగా కొడతారు. మన ఆదితాళం ఎనిమిది అక్షరాలు అలవాటైన చెవికి అది సహజంగానే అనిపిస్తుంది. కానీ షోపాన్ బారుకు రెండే పెద్ద లెక్కలు వచ్చేలా తాళం గుర్తు రాశాడు. లార్గో అని నిదానం చెప్పాడు, ఆ నిదానం ఆ రెండు పెద్ద ఊపిరులకు. ఎనిమిదీ ఒక్క బరువుతో పడితే రచన చచ్చిపోతుంది. మెట్టును పూర్తిగా పైకి రానివ్వకుండా, వేళ్లు దాని మీదే ఉంచి, సుత్తి తీగను రాసుకున్నంత మెత్తగా తిరిగి తిరిగి నొక్కాలి. ఏ వేలు దిగబోతోందో ఆ వేలికి మాత్రం రవ్వంత బరువు తెలియాలి. పైన కుడిచేతి పంచమాన్ని కాస్త గట్టిగా మొదలుపెట్టాలి, ఎందుకంటే కింద ఆరు కార్డులు మోగి ముగిసేదాకా అది బతికి ఉండాలి. పెడల్ కార్డ్ మారిన ప్రతిచోటా మారాలి, లేకపోతే అర మెట్లన్నీ ఒకదానిలో ఒకటి కలిసి మసకబారతాయి. ఎడమచేయి కాలం తప్పకూడదు, కుడిచేయి కొంచెం ముందువెనకలు కావచ్చు అని షోపాన్ తన శిష్యులకు చెప్పేవాడట. ఈ ప్రెల్యూడ్‌లో ఆ మాటకు ఉన్నంత అవసరం ఇంకెక్కడా లేదు.

మా పిల్లల్లో చాలామంది డిజిటల్ పియానో మీద నేర్చుకుంటారు, కొందరు చేవెళ్ల నుంచి బస్సెక్కి వస్తారు. ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం గ్రేడు పరీక్షలకు రచనలు నేర్చుకునే వయసు వాళ్లది. డిజిటల్ వాద్యం తక్కువదని నేననను. ఈ ఒక్క రచనకు మాత్రం నిజమైన తీగ ఎలా ఆరిపోతుందో ఒకసారైనా వినాలి. అందుకు నిశ్శబ్దం కావాలి. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల కోసం 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలను చాలా ఏళ్లు అదుపులో ఉంచింది కాబట్టి, నగరానికి ఇంత దగ్గరలో ఉన్నా మా మండలంలో రోడ్డు వదిలి లోపలికి వెళ్తే ఇప్పటికీ అలాంటి రాత్రులు దొరుకుతాయి. చేవెళ్ల వైపు నుంచి కూరగాయల బండ్లు తెల్లవారుజామున నగరానికి బయల్దేరేలోపు, పియానిస్సిమో, అంటే చాలా మెత్తగా, అన్న గుర్తుకు అసలు అర్థం వినిపించే సమయం ఉంది. ఆ సమయంలో పిల్లలకు ఒక్క బి స్వరం మాత్రం నొక్కించి, అది పూర్తిగా పోయేదాకా వేలు ఎత్తొద్దంటాను. ఆ తర్వాత వాళ్లు ఎడమచేతిని ఎప్పుడూ పాతలా కొట్టరు.

ఇక ముగింపు. ఇరవై మూడో బారులో ఒక కార్డ్ వచ్చి నిలిచిపోతుంది. వినడానికి అది ఎఫ్ మేజర్‌లోకి, అంటే పూర్తిగా వేరే స్కేలులోకి తీసుకుపోయే కార్డ్‌లా ఉంటుంది. అడుగు స్వరం పంచమానికి సరిగ్గా అర మెట్టు పక్కన ఉంది. దాని తర్వాత విరామం, దాని మీద ఎంతసేపైనా ఆగమనే గుర్తు. అంతసేపూ దాదాపు ఆగకుండా మోగిన ఎడమచేయి ఇప్పుడు మౌనం. ఈ మౌనంలో వినేవాడికి దారి తెలియదు. ఆ తర్వాత అడుగు స్వరం పంచమం మీదికి చేరుతుంది. చాలా మెత్తగా మూడు కార్డులు. చివరిది ఇ మైనర్, అడుగున షడ్జం. ఇంతసేపూ ఇ మైనర్ కార్డ్ ఇలా కాళ్లు ఆనించి నిలబడలేదు. మొదటి బారులో షడ్జం పైన ఉండి గాంధారం కింద ఉంది. నాలుగో బారులో అడుగున ఇ వచ్చింది గానీ దాని పైన స్వరాలు వేరే, అది ఇల్లు కాదు. మనం షడ్జం పట్టుకుని శ్రుతి చూసుకుని పాడటం మొదలుపెడతాం. షోపాన్ ఆ షడ్జాన్ని పేజీ అంతా దాచి, ఇరవై అయిదో బారులో ఇచ్చాడు.

రికార్డింగుల సంగతి. ఆల్ఫ్రెడ్ కోర్తో గత శతాబ్దం మొదటి సగంలో చేసినవి గరగరమంటాయి, కానీ కుడి ఎడమ చేతుల మధ్య స్వేచ్ఛ ఎంత దాకా వెళ్లొచ్చో అందులో వినిపిస్తుంది. మార్తా ఆర్గెరిచ్ 1970లలో చేసిన పూర్తి సెట్ నాకు ఎక్కువ ఇష్టం. ఆమె ఇరవై నాలుగు ప్రెల్యూడ్లనూ ఒక్క రచనలా పట్టుకుంటుంది. విడిగా వినటం తప్పు కాదు గానీ, కనీసం మూడో ప్రెల్యూడ్‌తో మొదలుపెట్టండి. అది జి మేజర్‌లో ఉంటుంది, అందులో ఎడమచేయి నీళ్లలా పరుగెత్తుతుంది, చివరికి జి మీద ముగుస్తుంది. నాలుగో ప్రెల్యూడ్ మొదటి కార్డ్ అడుగున ఉన్నదీ జి స్వరమే. వినేవాడు ఇంకా పాత ఇంట్లోనే ఉన్నాననుకుంటాడు. పైన పంచమం ధైవతాన్ని తాకి వెనక్కి వస్తుంది, అడుగు స్వరం ఎఫ్ షార్ప్‌కు దిగుతుంది. అప్పుడు తెలుస్తుంది.